దుల్హన్ తస్వీర్ ఒక అమానత్

నిఖాకి ముందు ఫొటో షూట్ వద్దంది మా భాంజీ. వలీమా అయ్యాకే దూల్హాతో అరకు బయల్దేరింది. ఖాందాన్ అంతా వెంట వెళ్లాం.

నవంబరులో అక్కడ వలిసె పూలు. ఎటు చూసినా పసుపే. ఫొటోగ్రాఫర్ ఆడపిల్లే. పొగమంచు తెల్లదనానికి కెమెరా మోసపోయి ముఖం నల్లగా తీస్తుందట, అందుకని వెలుగు కాస్త పెంచుకుంది. సూర్యుడు దుల్హన్ వెనక ఉండేట్టు నిలబెట్టింది. దుపట్టా జరీ అంచు మెరిసింది. "ఇటు చూడకు, మీ నానీ కబుర్లు చెప్పు" అంది. పిల్ల ఫక్కున నవ్వింది. అదే అసలు తస్వీర్!

మేం చేలోకి దిగబోతే ఆ అమ్మాయే ఆపింది. మనకి పూలు, గిరిజన రైతుకి అవి నూనెగింజలు, రోజీ. అతని ఇజాజత్ తీసుకుని, గట్టు మీదే నిలబెట్టి తీసింది.

చివర్లో "ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోనా?" అని అడిగింది. "వద్దక్కా" అంది భాంజీ. మారుమాట లేకుండా తన దగ్గరున్నవన్నీ మా ముందే చెరిపేసింది.

పంట రైతు హఖ్, దుల్హన్ ముఖం అమానత్. మీ ఇంట్లో షాదీ ఉంటే ఫొటోగ్రాఫర్‌తో రేటొక్కటే మాట్లాడకండి. తస్వీరులు ఎవరి దగ్గర ఉంటాయో, ఎవరికి చూపిస్తారో కూడా ముందే అడగండి. జవాబు మాత్రం దుల్హన్‌నే చెప్పనివ్వండి.