తూర్పున సముద్రం, పై అంతస్తులో సూది

"కంప్యూటర్ పనే కదరా, ఎక్కడ కూర్చుని చేస్తే ఏటి? ఆ మెటియాబ్రుజ్‌లో ఏటుందని? వైజాగ్ వచ్చెయ్, హాయిగా సముద్రం చూసుకుంటూ చేసుకోవచ్చు" అని మా పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా అంటుంది. ఆవిడ చెప్పే కారణాలు మూడు. ఒకటి, ప్రశాంతత. రెండు, వాస్తు: తూర్పున సముద్రం ఉన్న ఊళ్ళో ఉద్యోగం వృద్ధిలోకి వస్తుందట. మూడోది పైకి చెప్పదు. ఇక్కడ నా చుట్టూ ఉన్నది ముస్లింలు.

రెండోదాని సంగతి ముందు చూద్దాం, తేలిగ్గా తేలిపోతుంది కాబట్టి. ఇచ్ఛాపురం నుంచి నెల్లూరు దాకా మన తీరం పొడుగునా సముద్రం దాదాపు అటువైపే. అంతమందికీ వృద్ధే ఉంటే వలస రైళ్ళు ఎందుకు నిండుతున్నాయి? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద పడింది కూడా ఆ శుభప్రదమైన దిక్కునుంచే.

ప్రశాంతత మాట అలా కొట్టిపారెయ్యలేం. అందుకే 2021లో వైజాగ్ వెళ్ళి ఎం.వి.పి. కాలనీలో పదకొండు నెలలు ఉన్నాను. ఈ రెండు ఊళ్ళ మధ్యా తిరగడం మా ఇంట్లో కొత్తేం కాదు. మా నాన్నగారు గార్డెన్ రీచ్‌లో సౌత్ ఈస్టర్న్ రైల్వే హెడ్డాఫీసులో గుమాస్తా. 2003 ఏప్రిల్‌లో ఈస్ట్ కోస్ట్ రైల్వేకి మారేదాకా వాల్తేరు డివిజన్ ఈ ఆఫీసు కిందే ఉండేది. ఉత్తరాంధ్ర వాళ్ళు ఇటు రావడానికి అదొక దారి. (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ పుట్టింది 1887లో. అవధ్ నవాబు వాజిద్ అలీ షా, రాజ్యం పోగొట్టుకుని 1856లో వచ్చి మెటియాబ్రుజ్‌లో స్థిరపడినవాడు, పోయిందీ అదే ఏడాది. జ్యోతిష్కుల చేతిలో పెడితే ఇందులోంచి ఏదో ఒకటి లాగుతారు.)

వైజాగ్‌లో ఉన్నన్నాళ్ళూ ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను: ఎన్ని గంటలు పని చేశాను, ఎంత పని తెమిలింది, ఆ రోజు ఎవరితో మాట్లాడాను. ఒక్క మనిషి లెక్క రుజువు కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. అయినా రాస్తున్నాను. పని పెరగలేదు, తగ్గలేదు. బీచ్ రోడ్డు నిజంగానే బాగుంది. కాని మూడో గడిలో చాలా రోజులు పాలబ్బాయి ఒక్కడే ఉన్నాడు.

దీని మీద సరిగ్గా చేసిన పరీక్ష ఒకటుంది. చైనాలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ 2010-11లో, నికొలస్ బ్లూమ్ బృందంతో కలిసి, కాల్ సెంటర్లో ఇంటినుంచి పనికి ముందుకొచ్చినవాళ్ళను రెండుగా విడగొట్టింది. ఎలాగో తెలుసా? పుట్టిన తేదీ సరిసంఖ్య అయితే ఇంటికి, బేసి అయితే ఆఫీసుకి. పుట్టిన తేదీకి ఇంతకంటే ఉపయోగకరమైన వాడకం నేనెక్కడా చూడలేదు. తొమ్మిది నెలల్లో ఇంటివాళ్ళ పనితీరు 13 శాతం పెరిగింది. అందులో ఎక్కువ భాగం విరామాలూ, సెలవులూ తగ్గి ఎక్కువ నిమిషాలు పనిచెయ్యడం వల్లే. ఆ తర్వాత ఎవరిష్టం వాళ్ళదని వదిలేస్తే, సగానికి పైగా తమ నిర్ణయం మార్చుకున్నారు. ఆఫీసుకి తిరిగొచ్చినవాళ్ళు ముఖ్యంగా చెప్పిన కారణం ఒంటరితనం.

సరే, నేనూ తిరిగొచ్చాను. ఇక్కడ ప్రశాంతత అడక్కండి. కింద అంతస్తులో పొద్దున్నుంచి రాత్రిదాకా కుట్టు మిషన్లే. శని, ఆదివారాల హాట్ దగ్గరపడేకొద్దీ రాత్రి కూడా ఆగవు. మీటింగులో అవతలివాళ్ళు "ఏమిటా శబ్దం?" అంటే "మా సహోద్యోగులు" అంటాను.

అది ఉత్త జోకు కాదు. ఇంటినుంచి పని కరోనాతో వచ్చిందని మనవాళ్ళు రాస్తుంటారు. మెటియాబ్రుజ్‌లో అది ఎన్నో తరాలుగా ఉంది. ఓస్తాగర్ గుడ్డ కత్తిరించి పంచుతాడు, ఇళ్ళల్లో, చిన్న చిన్న గదుల్లో కుట్టి ఇస్తారు. దారాలు కత్తిరించడం, గుండీలు కుట్టడం, జరీ పని ఆడవాళ్ళవి. డజనుకి ఇంత అని లెక్క. గది వాళ్ళది, కరెంటు బిల్లు వాళ్ళది, పని లేని వారం నష్టం వాళ్ళదే. నాకైతే కంపెనీ ఇంటర్నెట్ బిల్లు కడుతుంది. ఇలాంటి పనివాళ్ళ కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే 177వ ఒప్పందం చేసింది. భారతదేశం దాన్ని ఆమోదించలేదు.

మా పై అంతస్తులో ఒక ఖాలా ఉంది. నలభై అయిదు దాటి ఉంటాయి. గుండీలు కుడుతుంది. సూదిలో దారం ఎక్కించమని మాటిమాటికీ పిల్లల్ని పిలుస్తుంటే విన్నాను. దిష్టి తగిలిందని ఎవరో చెప్తే తావీజు కట్టించుకుంది. దానికి కొంత డబ్బు, రెండు నెలల కాలం పోయాయి. అది దిష్టి కాదు, చత్వారం. మీకూ వస్తుంది, నాకు వచ్చింది. అస్సాంలో నలభై దాటిన 751 మంది తేయాకు కార్మికులతో చేసిన పరీక్ష ఒకటి 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చింది. దగ్గరచూపు కళ్ళజోడు ఉచితంగా ఇచ్చినవాళ్ళు, ఇవ్వనివాళ్ళతో పోలిస్తే, 21.7 శాతం ఎక్కువ ఆకు కోశారు. ఇల్లు మారలేదు, దిక్కు మారలేదు. ఒక కళ్ళజోడు.

"ఖాలా, ఒకసారి ఇది పెట్టుకుని చూడండి" అని నా పాత జోడు ఇచ్చాను. ఒక్క ప్రయత్నంలో దారం ఎక్కింది. మర్నాడు ఆవిడ కొడుకుని వెంటబెట్టి కంటి పరీక్షకి పంపాను, సొంత జోడు చేయించుకుంది. తావీజు తీసెయ్యమని నేను అడగలేదు. రుజువు ఆవిడ ముక్కు మీదే ఉంది, వాదన దేనికి?

ఇప్పుడు రోజుకి ఇంతకుముందుకంటే ఎక్కువ డజన్లు కుడుతోంది. మొన్న మెట్ల మీద కలిసి, "మద్రాసీ బాబూ, నీ కంపెనీలో ఎక్కువ పని చేస్తే రేటు తగ్గిస్తారా?" అని అడిగింది. ఓస్తాగర్ మనిషి డజను రేటు తగ్గిస్తానంటున్నాడట. ఈ ఆదివారం హాట్ అయ్యాక, తక్కిన ఇళ్ళ ఆడవాళ్ళు కూడా వెళ్ళి అతనితో మాట్లాడతారు. ఇంటింటా రేట్లు ఎంతెంతో కాగితం మీద రాసిపెట్టమన్నారు. రాస్తున్నాను. ఇప్పటికి పద్నాలుగు ఇళ్ళయ్యాయి.