ఫెరార్గంజ్‌లో ఆదివారం ఫోను

చాథం జెట్టీలో ఫెర్రీ ఎక్కితే అవతలి ఒడ్డు బంబూఫ్లాట్. స్కూటర్లు, జీపులు, కూరగాయల బస్తాలు, పిల్లలు అంతా ఒక్క పడవలోనే. వెనక్కి తిరిగితే 1883లో మొదలైన చాథం రంపపు మిల్లు, ఎదురుగా అడవి కమ్ముకున్న మౌంట్ మణిపూర్ (పాత పేరు మౌంట్ హారియట్) కొండ. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది గానీ, ఫెర్రీలో నా చుట్టూ ఉన్నవాళ్ళంతా ఇంకా పాత పేరే అంటున్నారు. హిందీ, బెంగాలీ, తమిళం, మధ్యలో శ్రీకాకుళం యాసలో ఎవరో ఎవర్నో ‘ఓలమ్మా’ అని పిలిచారు. ప్రాణం లేచొచ్చింది. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు నూటికి పదమూడుగురు.

నేను వెళుతున్నది చూడదగ్గ ప్రదేశాల కోసం కాదు. మా అమ్మాయి ఒడిశాలో, చిలికా సరస్సు ఒడ్డున ఉన్న ఐఎన్‌ఎస్ చిల్కాలో అగ్నివీర్ శిక్షణలో ఉంది. దాని పక్క మంచం అమ్మాయిది ఫెరార్గంజ్. పిల్లల్ని దింపే రోజున బాలుగావ్ స్టేషన్లో ఆ పిల్ల తండ్రి మాకు కలిశారు. షిప్పులో విశాఖ దాకా, అక్కణ్ణించి రైలులో, కూతురితో ఒక్కరే వచ్చారు. అరటి, కొబ్బరి, వక్క తోట చూసుకోవాలి గనుక తల్లి రాలేకపోయింది. ఆ సాయంత్రం ఆయన ఫోనులో భార్యతో మాట్లాడి, ‘అమ్మా, ఒకసారి మీరు మాట్లాడండి’ అని నాకిచ్చారు. అవతల ఏడుపు తప్ప మాట లేదు. నేనూ ఏడ్చాను. మా పరిచయం అలా మొదలైంది. తర్వాత రోజూ మాట్లాడుకున్నాం. ‘వదినా, ఒక్కసారి వచ్చి మా ఇంట్లో అన్నం తిను’ అని ఆవిడ అడిగినప్పుడు కాదనలేకపోయాను.

బంబూఫ్లాట్ నుంచి బస్సు వింబర్లీగంజ్ మీదుగా వెళ్ళింది. రోడ్డుకి రెండు పక్కలా వక్క చెట్లు, మసీదు, కేరళ ఇళ్ళ వాలు కప్పులు. 1921 మాప్పిళ్ళ తిరుగుబాటు తర్వాత దీవులకి పంపిన ఖైదీల వారసుల ఊళ్ళు ఈ చుట్టుపక్కల ఉన్నాయి. అక్కడక్కడా ఊళ్ళ పేర్లు కూడా మలబారువే. ఫెరార్గంజ్‌కి పేరు మైకేల్ ఫెరార్ నుంచి వచ్చింది. ఆయన 1923 నుంచి 1931 దాకా ఇక్కడ చీఫ్ కమిషనర్. ఆ రోజుల్లోనే సంయుక్త పరగణాల (నేటి ఉత్తరప్రదేశ్) నుంచి, అప్పటి ప్రభుత్వం ‘నేరస్థ జాతి’ అని ముద్ర వేసిన భాంటూ కుటుంబాల్ని తెచ్చి ఇక్కడ అడవి కొట్టించి పొలాలిచ్చారు. తర్వాత బెంగాలు నుంచి, రాంచీ వైపు నుంచి, మన ఉత్తరాంధ్ర తీరం నుంచి మనుషులు వచ్చారు. బలవంతంగానో బతుకు తెరువు కోసమో, అయినవాళ్ళని వదిలి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరు ఇది. ఇంకొంచెం ముందుకెళితే జిర్కటాంగ్. అక్కణ్ణించి జరావా ఆదివాసుల అడవి.

బస్సు దిగేసరికి వదిన రోడ్డు మీదే నిలబడి ఉంది. ఫొటోల్లో చూసిన మొహమే. ఇద్దరం చేతులు పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాం. ఇంటి ముందు ఎండబెట్టిన వక్కలు, పెరట్లో కొబ్బరి చెట్లు. చింతపండు పోసిన చేపల పులుసు, వేడన్నం. ‘కారం మన టెక్కలి కారమే, అక్కణ్ణించే తెప్పిస్తాం’ అన్నారు అన్నయ్యగారు. ఆయన తాత చేపల వేటకి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు.

భోజనాలయ్యాక వదిన చెప్పింది: ‘2004 డిసెంబరు 26న నేను కడుపుతో ఉన్నాను. నేల ఊగింది, తర్వాత కిందనున్న ఊళ్ళలోకి నీళ్ళొచ్చాయి. బంధువులంతా పైకి వచ్చి మా ఇంట్లోనే ఉన్నారు. మంచినీళ్ళు, బియ్యం నేవీ ఓడల్లో వచ్చాయి. ఇది పెద్దదయ్యాక ఆ కథ నాతో ఎన్నిసార్లు చెప్పించుకుందో! ఆ ఓడ ఎక్కుతానని పదో తరగతిలోనే అంది.’ మా పిల్ల సంగతి వేరు. విశాఖ బీచ్ రోడ్డులో 2002లో మ్యూజియం అయిన కురుసుర జలాంతర్గామిలోకి చిన్నప్పుడు తీసుకెళితే బయటికి రానని మారాం చేసింది. రెండు ఒడ్ల నుంచి వెళ్ళిన ఇద్దరు పిల్లలు ఒకే బ్యారక్‌లో చేరారు.

నౌకాదళంలో నావికులుగా అమ్మాయిల్ని తీసుకోవడం 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంతోనే మొదలు. అంతకుముందు అమ్మాయిలకి అధికారుల హోదాలోనే చోటు. చిల్కాలో తొలి బ్యాచ్ 2023 మార్చి 28న బయటికొచ్చింది. దాదాపు 2,600 మందిలో 273 మంది ఆడపిల్లలు. పాసింగ్ అవుట్ పరేడ్‌ని మొదటిసారి సూర్యాస్తమయం తర్వాత జరిపారు. శిక్షణ పదహారు వారాలు. తెల్లవారకముందే లేవాలి, పరుగు, డ్రిల్, తుపాకీ కాల్చడం, ఓడ పనుల పాఠాలు. ఈత రాకపోతే నేర్చుకుని తీరాలి. ఇంట్లో మంచం దిగగానే కాఫీ అందుకున్న పిల్లలకి అది ఎంత కష్టమో తల్లికి వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఆ పదహారు వారాలూ ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరూ ముందుగా చెప్పరు. చేరిన కొత్తలో ఫోను రాలేదు. మా ఆయన రాత్రుళ్ళు లేచి పిల్ల గది తలుపు తీసి చూసి మళ్ళీ మూసేవారు. ఇక్కడ అన్నయ్యగారు తోటలోనే పొద్దంతా గడిపేవారట. మగవాళ్ళు బాధని బయటపెట్టరు, ఆడవాళ్ళం బయటపెడితే ‘నువ్వే ఇలాగైతే ఎలా’ అంటారు. చుట్టాలు ‘ఆడపిల్లని ఎందుకు పంపారు’ అంటారు. పక్కింటివాళ్ళు ‘ఎంత గర్వంగా ఉందో’ అంటారు. ఆ రెండు మాటల్లో ఏదీ మన లోపలిదాకా రాదు. అదే వారం అదే గేటు దగ్గర పిల్లని వదిలిన ఇంకో తల్లి ‘నిద్ర పట్టిందా వదినా?’ అంటే మాత్రం ఆ మాట తిన్నగా వచ్చి తగులుతుంది.

ఫెరార్గంజ్‌లో ఆ మాట అడిగే మనుషులు ఇంకా ఉన్నారు. నేను వెళ్ళింది ఆదివారం. సాయంత్రానికి వదిన ఇంటి అరుగు మీదకి ఒక్కొక్కరే వచ్చారు. కొడుకు నేవీలో చేరి ఏళ్ళు దాటిన మలయాళీ పెద్దావిడ, అదే బ్యాచ్‌లో కొడుకున్న బెంగాలీ దంపతులు, వచ్చే బ్యాచ్‌కి కొడుకుని పంపబోతున్న రాంచీ ఆయన. అందరికీ కలిసిన భాష దీవుల హిందీ. ఆ పెద్దావిడే అందరికీ దిక్కు. ‘మొదటి పదిహేను రోజులూ పిల్లలు ఏడుస్తారు. తర్వాత వాళ్ళు అలవాటు పడిపోతారు, మనమే మిగులుతాం. అందుకే వాళ్ళ ముందు ఏడవకండి, నా ముందు ఏడవండి’ అని ఆవిడ వాళ్ళకి మొదటే చెప్పిందట.

ఆదివారం కాసేపు పిల్లలకి ఫోను ఇస్తున్నారు. ముందుగా మోగింది బెంగాలీ వాళ్ళ ఫోను. తండ్రి స్పీకర్ పెట్టాడు. కొడుకు తన సంగతి రెండు ముక్కల్లో ముగించి, ‘ఫెరార్గంజ్ దీదీ ఈత పరీక్ష పాసైంది, వాళ్ళమ్మకి చెప్పండి’ అన్నాడు. వదిన రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత వదిన కూతురే ఫోను చేసింది. నా గొంతు విని కేక పెట్టి, పక్కనున్న మా అమ్మాయికి ఫోను అందించింది. వెయ్యికి పైగా కిలోమీటర్ల నీళ్ళకి ఇవతల, ఎవరి అరుగు మీదో కూర్చుని, నా కూతురితో మాట్లాడాను. కాలి మడమ నొప్పి తగ్గిందని చెప్పింది. ఆ నొప్పి సంగతి అప్పటిదాకా నాకు తెలియదు, వదినకి తెలుసు. తగ్గాకే చెబుదామని ఆగిందట. తనే ఇక్కణ్ణించి కూతురి చేత వేడినీళ్ళ కాపడం పెట్టించింది.

ఈ దీవులకి కబురు విలువ బాగా తెలుసు. సెల్యులర్ జైలు కాలంలో ఖైదీకి ఇంటికి ఉత్తరం రాసుకునే వీలు ఏడాదికొక్కసారే. 1922-24 రంప పితూరీలో అల్లూరి వెంట నడిచిన మన్యం మనుషులు కొందరు ఇక్కడికే వచ్చారు. వాళ్ళ తల్లులు ఏ కబురూ అందకుండానే రోజులు గడిపి ఉంటారు. మొన్నమొన్నటి దాకా ఇక్కడ ఫోనూ ఇంటర్నెట్టూ ఉపగ్రహం దయ మీదే. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన 2,300 కిలోమీటర్ల కేబుల్ 2020 ఆగస్టు 10న మొదలయ్యాకే మాట తెగకుండా వస్తోందని బెంగాలీ ఆయన అన్నాడు. కేబుల్ తెచ్చిన ఒక్క ఫోనుని నాలుగిళ్ళకి పంచడం మాత్రం ఈ మనుషులు చేసుకున్న ఏర్పాటు.

రాత్రి మాటలు కష్టమైన చోటికి కూడా వెళ్ళాయి. అగ్నివీర్ కొలువు నాలుగేళ్ళు. ఆపైన నూటికి పాతికమంది దాకానే కొనసాగుతారు. మిగతావాళ్ళు సేవా నిధి డబ్బుతో ఇంటికి వస్తారు. ‘అప్పుడేంటి?’ అన్నది అందరి గుండెలోనూ ఉంది. ఎవరూ దాన్ని దాచలేదు. పిల్లలకి డిగ్రీ ఎలా పూర్తి చేయించాలి, ఏ పరీక్షలు రాయించాలి అని ఇప్పటి నుంచే కాగితం మీద రాసుకుంటున్నారు. నాకు ఆ కాగితం ఎంతో నచ్చింది. భయాన్ని ఒంటరిగా మోస్తే అది దిగులవుతుంది. నలుగురి మధ్య పెడితే అందులోంచి పని పుడుతుంది.

తిరుగు ప్రయాణం రోడ్డు దారిన, సిప్పీఘాట్ మీదుగా. సునామీ నాడు భూమి కుంగి, ఒకప్పటి వరి పొలాలు ఉప్పునీటి కింద ఉండిపోయిన చోటు అది. రాంచీ ఆయన పట్నంలో పనుందని నాతోపాటే వచ్చాడు. కొడుకు ప్రయాణానికి ఏం కావాలో దారంతా అడుగుతూనే ఉన్నాడు: పోలీసు వెరిఫికేషన్ కాగితాలు, షిప్పు టిక్కెట్టుకి ఐలాండర్ కార్డు, విశాఖలో రేవు నుంచి స్టేషన్‌కి ఎలా వెళ్ళాలి, రైలు బాలుగావ్‌లో ఏ వేళకి చేరుతుంది. మా ఇంటి చిరునామా, మా ఆయన నంబరు రాసిచ్చాను. షిప్పు దిగగానే మా ఇంటికి రమ్మన్నాను, ఆ రాత్రికి పడక మా ఇంట్లోనే అన్నాను. మా పిల్లల పరేడ్‌కి వదినా అన్నయ్యగారూ వస్తున్నారు. వాళ్ళూ మా ఇంట్లోనే దిగి, మాతో కలిసి రైలెక్కుతారు. తోట బాధ్యత బెంగాలీ దంపతుల పెద్దకొడుకు తీసుకున్నాడు.

పిల్లల్ని దళాలకి పంపిన తల్లిదండ్రులు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. కానీ ఎవరి గుమ్మంలో వాళ్ళు ఫోను పట్టుకుని కూర్చుంటారు. పక్క వీధిలో ఇంకో ఇల్లు అదే ఫోను కోసం మేలుకుని ఉందని తెలుసుకుని, వెళ్ళి తలుపు తట్టాలి. నేను విశాఖ చేరగానే మొదట చేసిన పని అదే. మా పేటలో అదే బ్యాచ్‌కి కొడుకుని పంపిన ఇల్లొకటి ఉందని తెలిసి వెళ్ళాను. వచ్చే ఆదివారం సాయంత్రం వాళ్ళు మా ఇంటికి వస్తున్నారు.