పేర్లకే బాద్షాలం

మా హత్నూర మండలంలో రెండు ఖానాపూర్‌లు ఉన్నాయి. ఒకటి రెడ్డి ఖానాపూర్, ఇంకొకటి తుర్కల ఖానాపూర్. దౌల్తాబాద్ కూడా మా మండలంలోదే. ఖాన్ అంటే తుర్కులు, మంగోలులు తమ ఏలికకు పెట్టుకున్న బిరుదు. దౌలత్ అంటే మన నోట్లో సొమ్ము, పాత ఫార్సీ కాగితాల్లో రాజ్యం. ఊళ్లే కాదు, మా మనుషుల పేర్లూ ఇంతే. జహంగీర్ అంటే ప్రపంచాన్ని పట్టినవాడు. సికందర్ అంటే అలెగ్జాండర్. ఖైసర్ అంటే సీజర్. ఆడపిల్లలకు సుల్తానా అనీ, మలికా అనీ పెట్టుకుంటాం. పెళ్లయిన ప్రతి ఆడమనిషీ బేగమే. ఈ జహంగీర్‌లు, సికందర్‌లు పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకొని పాశమైలారం, బొల్లారం కంపెనీలకు కాంట్రాక్టు కూలికి పోతారు. పోలేనివాళ్లు వెల్డింగు, పంక్చరు, ఆటో. బేగంలు కుట్టుమిషన్ ముందు కూర్చుంటారు.

అయినా మా చెవిన పడే మాట ఒకటే: "మీకేం, మీ తాతలు ఏలిండ్రు గదా!" చాయ్ హోటల్లో నవ్వుతూ అంటారు. ఆఫీసుల్లో నవ్వకుండా అంటారు. ఎన్నికలొస్తే మైకులో అంటారు. చరిత్ర చదివి బీఏ పాసై, ఇరవై ఏళ్లకు పైగా ఉర్దూ, తెలుగు పత్రికల మధ్య మాటలు మోస్తున్న మాకు ఈ మాట వెనకాల ఉన్న మాటలను ఒకసారి విప్పి చూడాలనిపించింది.

ఇంగ్లీషు ఎంపైర్ లాటిన్‌లోని ఇంపీరియం నుంచి వచ్చింది. ఇంపీరియం అంటే ఆజ్ఞ ఇచ్చే అధికారం, అంతే. నేల కాదు, కోట కాదు, జెండా కాదు. ఇంపెరాటర్ అంటే రోమన్ల దగ్గర సేనాని, అతనే తర్వాత ఎంపరర్ అయ్యాడు. ఇంగ్లీషు వ్యాకరణంలో "రా", "పో", "చెయ్" అనే క్రియలను ఇంపెరేటివ్ అని బళ్లో నేర్పారే, అదీ ఈ ఇంటిదే. మా వైపూ ఇదే కథ. అరబ్బీలో హుక్మ్ అంటే ఆజ్ఞ, దాన్నుంచి హుకూమత్. అమ్ర్ అన్నా ఆజ్ఞే, దాన్నుంచి అమీర్. సుల్తాన్ అనే మాటకు మొదటి అర్థం మనిషి కాదు, అధికారం. అన్ని భాషలూ ఒకే నిజం చెబుతున్నాయి: సామ్రాజ్యమంటే చెప్పేవాడు ఒకడు, చేసేవాళ్లు లక్షలు. మతం సంగతి ఆ మాటల్లో ఎక్కడా లేదు.

మతం తర్వాత చేరింది. ఇంగ్లీషువాళ్లు తమ దాన్ని ఎంపైర్ అన్నారు. రోమ్‌ను ఎంపైర్ అన్నారు. మా పేర్లున్నవాళ్ల దగ్గరికి వచ్చేసరికి సుల్తనేట్, ఖానేట్, ఎమిరేట్ అని వేరే గదులు కట్టారు. మొగలులు, తుర్కుల వంటి కొందరికే ఎంపైర్ దక్కింది, బహుశా మరీ పెద్దవి కావడంతో. ఉర్దూకు ఈ తేడా తెలియదు. మొగలులదీ సల్తనతే, రోమ్‌దీ సల్తనతే, బ్రిటిష్‌వాళ్లదీ సల్తనతె బర్తానియానే. విక్టోరియా రాణిని 1877 జనవరి 1న ఢిల్లీలో ఇండియా ఎంప్రెస్‌గా ప్రకటించినప్పుడు ఉర్దూలో ఆమె బిరుదు ఖైసరె హింద్. రోమ్‌లో ఒక కుటుంబం పేరు సీజర్, అరబ్బుల నోట ఖైసర్ అయి, తిరిగి వచ్చి లండన్ రాణి నెత్తిన కూర్చుంది. మాటలకు పాస్‌పోర్టు అడిగేవాడు లేడు. మనుషులకే ఆ తిప్పలు.

మన తెలుగు పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషు గదులనే తెచ్చుకున్నాయి. కాకతీయ సామ్రాజ్యం, విజయనగర సామ్రాజ్యం అని చదివాం. గోల్కొండ దగ్గరికి రాగానే సామ్రాజ్యం మాయమై సుల్తానుల పాలన అయింది. తెలుగులో మనం, మేము అని రెండున్నాయి. మాది సర్కారు బడి. ఆ పాఠం చెప్పేటప్పుడు మా పంతులు నోట మొదటిది "మన రాజులు", రెండోది "వాళ్ల నవాబులు". ఆ రెండు మాటల నడుమ, బెంచీ మీద కూర్చున్న మేము ఎటు జరగాలో తోచేది కాదు. విజయనగరాన్ని ఎంపైర్ అని ప్రపంచానికి బాగా చాటింది రాబర్ట్ సూయెల్ అనే ఇంగ్లీషు అధికారి. 1900లో వచ్చిన ఆయన పుస్తకం పేరులోనే ఆ మాట ఉంది. మరి విజయనగర రాజులు తమను ఏమని పిలుచుకున్నారు? 14వ శతాబ్దంలో బుక్కరాయల కాలం నుంచి వాళ్ల శాసనాల్లో "హిందూరాయ సురత్రాణ" అనే బిరుదు కనిపిస్తుంది. సురత్రాణ అంటే ఏదో దేవభాష మాట అనుకునేరు, అది సుల్తాన్‌కు వేసిన సంస్కృత వేషం. హిందూ రాజుల్లో సుల్తానునని ఆయన సంబరంగా చెప్పుకున్నాడు. ఈ ముక్క మాకు బడిలో ఎవరూ చెప్పలేదు.

ఇంకా దగ్గరికి వద్దాం. ఇవాళ రసాయనాల వాసనకు పేరుపడ్డ పటాన్‌చెరు, ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో అమీన్ ఖాన్ అనే అధికారి ఉన్న ఊరు. పక్కనున్న అమీన్‌పూర్ ఆయన పేరుదే. తెలుగులో తొలి అచ్చతెలుగు కావ్యంగా చెప్పుకునే యయాతి చరిత్రను పొన్నిగంటి తెలగన్న అంకితమిచ్చింది ఆయనకే. సంస్కృతపు మాట కలవకుండా తెలుగులో రాయాలన్న పట్టుదలకు ఆసరాగా నిలబడ్డవాడు ఒక ఖాన్! తెలుగు మాది కాదన్నట్టు మాట్లాడేవాళ్లకు మేం చెప్పే మొదటి సంగతి ఇదే. అట్లాగని అమీన్ ఖాన్ మా తాత అని చెప్పుకోం. ఆయన గుర్రం ఎక్కేవాడు. మా తాతలు ఆ గుర్రానికి గడ్డి వేసి ఉంటారు.

పాలకుల మాటలు కింది మనిషి దగ్గరికి దిగేసరికి ఏమవుతాయో చూడండి. నవాబు అంటే అరబ్బీలో ప్రతినిధులు, ఇంకొకరి తరఫున పని చూసేవాళ్లు. ఇంగ్లీషులోకి నబాబ్‌గా పోయి, 18వ శతాబ్దంలో ఇండియాను దోచుకొని సొమ్ముతో ఇంటికి చేరిన కంపెనీ ఉద్యోగికి పేరైంది. సాహిబ్ రెండుగా చీలింది. కుర్చీలో కూర్చుంటే సాబ్, సైకిల్ షాపులో కూర్చుంటే సాయిబు. మొదటిదాంట్లో భయం ఉంది, రెండోదాంట్లో మర్యాద కూడా లేదు. అమీర్ అంటే ఆజ్ఞలిచ్చేవాడు, మా గల్లీలో డబ్బున్నవాడు. దానికి ఎదురుమాట గరీబ్. గరీబ్‌కు అరబ్బీలో అర్థం పరాయివాడు. ఉర్దూలోకి వచ్చి పేదవాడయ్యాడు. ఈ రెండర్థాలూ కలిపి మోస్తున్నవాళ్లం మేమే.

ఇక "మీ తాతలు ఏలిండ్రు" అనేదాని లెక్క తీద్దాం. హైదరాబాదును ఏలిన ఆసఫ్‌జాహీలు బాద్షా అనే బిరుదు పెట్టుకోలేదు. నిజాముల్ ముల్క్ అంటే రాజ్యాన్ని చక్కబెట్టేవాడు. ఢిల్లీ గద్దె పడిపోయేదాకా వాళ్ల నాణేల మీద మొగల్ బాద్షా పేరే ఉండేది. 1918లో ఇంగ్లీషు ప్రభుత్వం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఇచ్చిన బిరుదు "నమ్మకమైన మిత్రుడు". ఉర్దూలో యారె వఫాదార్. అంటే పెద్ద సల్తనత్ నీడలో చిన్న సల్తనత్. ఆ కింద జాగీర్దార్లు, దేశ్‌ముఖ్‌లు, దొరలు. ఊళ్లో రైతు కంటికి కనపడిన రాజు ఆ దొరే. జాగీర్లు 1949లో రద్దయ్యాయి. ఇప్పటికీ బస్సులో సీటు దగ్గర గొడవైతే "నీ అబ్బ జాగీరా?" అని అడుగుతారు. అడిగేవాడూ మా వాడే కావచ్చు. అతని అబ్బకూ జాగీరు లేదు.

దొరల మీద కోర్టుకెక్కిన షేక్ బందగీని 1940లో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు చంపారు. బందగీ అంటే దాస్యం, సేవ. ఆ పేరున్న మనిషే దాస్యం చెయ్యనన్నాడు. మా జిల్లా ఆందోలులో పుట్టిన మఖ్దూం మొహియుద్దీన్ నిజాం మీద తిరగబడ్డాడు. రజాకార్లను ఎదిరించి రాసిన పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో ఆ రజాకార్లే చంపారు. రజాకార్ల దుర్మార్గాన్ని మేం దాచం. కాని ఏలినవాళ్ల ఖాతాను ఎవరు కట్టారు? బ్రిటిష్ రాజు "ఇండియా చక్రవర్తి" అనే బిరుదు వదులుకున్నది 1948 జూన్‌లో. సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా పోలీసు యాక్షన్. నిజాం 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా కూర్చున్నాడు. ఊళ్లలో చచ్చింది మాత్రం సాయిబులు. 27 వేల నుంచి 40 వేల మంది పోయి ఉంటారని పండిత్ సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. రాజుకు భరణం, రయ్యత్‌కు మరణం. ప్రాస కోసం అన్నది కాదు, జరిగిందే అది.

మాటల్లో ఇంకో వింత ఉంది. తెలుగులో సామ్రాజ్యం అంటే రొమ్ము విరుచుకుంటాం. దానికి వాదం తగిలించి సామ్రాజ్యవాదం అంటే నశించాలని గోడల మీద రాస్తాం. ఇంపీరియలిజం మీద 1902లో హాబ్సన్ పుస్తకం రాశాడు, 1917లో లెనిన్ పుస్తకం వచ్చింది. తరువాత ఉర్దూ పత్రికలూ దానికో మాట స్థిరపరచుకున్నాయి. ఏమిటనుకున్నారు? సామ్రాజ్! మా ఉర్దూ ఎడిటర్ సాబ్ "అమ్రీకీ సామ్రాజ్" అని హెడ్డింగు పెడితే అందులో రెండో మాట పక్కా సంస్కృతం. అదే రోజు తెలుగు పేజీలో సర్కారు, హుకుం, జిల్లా, తహసీల్దారు అని మేం రాసినవన్నీ అరబ్బీ, ఫార్సీ.

వలస అనేది ఇంకా చిత్రం. బ్రిటిష్‌వాళ్లు వలస పాలకులు. బిహార్ నుంచి, ఒడిశా నుంచి పాశమైలారం వచ్చి రేకుల గదిలో 6 మంది పడుకునేవాళ్లు వలస కూలీలు. దోచినవాడికీ దోపిడీకి గురైనవాడికీ ఒకే మాట. మమ్మల్ని "వలస వచ్చినోళ్లు" అంటున్నప్పుడు ఏ అర్థంలో అంటున్నారో అడగాలి. మాలో చాలామంది ఈ మట్టిలోనే మతం మారినవాళ్లం. దూదేకినవాళ్లం, తోళ్లు పదును పెట్టినవాళ్లం, గుర్రానికి నాడాలు కొట్టినవాళ్లం.

ఇప్పటి సామ్రాజ్యాలు కంపెనీలవి. రాయల్టీ అనే ఇంగ్లీషు మాట రాజుకు చెల్లించే గనుల వాటా నుంచి పుట్టింది, ఇప్పుడు పేటెంటు యజమానికి కడుతున్నారు. 1970 పేటెంట్ల చట్టం మందుకు కాక తయారీ పద్ధతికే పేటెంటు ఇవ్వడంతో వేరే పద్ధతిలో చేసుకొని మన మందుల కంపెనీలు పెరిగాయి. 2005లో ఆ దారి మూశారు. ఈలోగా నక్కవాగు నీళ్ల రంగు మారింది, 1990లో సుప్రీంకోర్టు దాకా పోయింది. యజమాని ఏ మతం వాడైనా బిజినెస్ పేజీలో మేం రాసేది "వ్యాపార సామ్రాజ్యం" అనే. అక్కడ దాన్ని ఎవరూ తిట్టుగా తీసుకోరు.

అన్నిటికన్నా మాకు దగ్గరి మాట రైతు. అరబ్బీలో రయ్యత్ అంటే కాపరి కింద ఉండే మంద, ఏలేవాడి కింది ప్రజ. తెలుగులోకి వచ్చి అది అన్నం పెట్టేవాడి పేరైంది. 2018లో రైతుబంధు వచ్చింది. అప్పుడు పట్టా ఉన్నవాడికి ఎకరానికి పంటకు 4,000 రూపాయలు ఇచ్చారు. కౌలుకు చేసేవాడు అందులో లేడు. మా వాడకట్టులో చెక్కు అందుకున్న ఇళ్లు ఒక చేతి వేళ్లకు సరిపోయాయి.