మచ్చ ఎక్కడ పడాలి

మే 9, రావులపాలెం

పొద్దున్నే ఉక్క. పక్కనే గోదావరి ఉన్నా ఆకు కదలడం లేదు. రొమ్ముల కింద ఒరుపు మళ్ళీ పచ్చిపుండైంది. పౌడరు చల్లితే చెమటకి ముద్దకడుతోంది. మెత్తటి గుడ్డ మడిచి పెట్టుకుంటే పాఠం మధ్యలో జారిపోతోంది. బోర్డు మీద పై వరస రాయడానికి చెయ్యెత్తితే మెడ నుంచి నడుం దాకా లాగేస్తోంది. బ్రా పట్టీలు భుజాల మీద గాళ్ళు పెట్టేశాయి. స్టాఫ్ రూములో ఆడవాళ్ళం మోకాళ్ళ నొప్పులు చెప్పుకుంటాం గానీ ఈ నొప్పి ఎవరమూ చెప్పుకోం.

జూన్ 3, రాజమండ్రి

రొమ్ముల బరువు తగ్గించే ఆపరేషన్ కోసం ప్లాస్టిక్ సర్జన్ గారిని కలిశాం. ముందు మామోగ్రాం తీయించమన్నారు. “మచ్చ పడకుండా చేస్తారా అండీ?” అని అడిగాను.

“కోత పెట్టాక మచ్చ పడుతుందమ్మా. ఎక్కడ, ఎంత పొడవున అన్నదే చూసుకోవాలి” అని చీటీ వెనక బొమ్మ గీశారు. చనుమొన చుట్టూ ఒక వలయం, దాని నుంచి కిందికి నిలువు గీత, రొమ్ము మడతలో అడ్డగీత. చూస్తే లంగరులా ఉంది. 1956లో రాబర్ట్ వైజ్ అనే అమెరికా డాక్టరు చూపించిన కొలతట. బాగా బరువైన రొమ్ములకి ఇప్పటికీ చాలామంది అదే చేస్తారట.

తర్వాత ఆ అడ్డగీతని కొట్టేశారు. నిలువు గీతతోనే సరిపెట్టే దారి ఫ్రాన్సులో లాసూ మొదలుపెడితే, బ్రస్సెల్స్‌లో లెజూర్ ముందుకు తీసుకెళ్ళారట. కెనడాలో హాల్-ఫిండ్లే 1999లో దాన్ని సులువు చేసి చూపించారట. ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళు. ఆ మాట వినగానే ధైర్యమొచ్చింది. మన చామనఛాయ ఒంటికి మచ్చ ఉబ్బే గుణం ఎక్కువ. అందులోనూ ఛాతీ నడుమకి దగ్గరగా వచ్చే అడ్డగీత కొసలే ముందు ఉబ్బుతాయి. ఆ గీతే లేకపోతే ఆ బెడద తగ్గినట్టే కదా!

జూన్ 4

కొవ్వు లాగేస్తే చాలు, కుట్లే ఉండవని ఎవరో చెప్పారని ఈయన అన్నారు. సూది దూరేంత గాటుతో అయిపోయేది నిజమే. కానీ రొమ్ములో కొవ్వు పాలు ఎక్కువుండాలి, చర్మానికి బిగువుండాలి. జారిన రొమ్ము దానివల్ల పైకి రాదు. చనుమొన చుట్టూ మాత్రమే కోసే పద్ధతీ ఉంది. కొంచెం తగ్గించాల్సిన వాళ్ళకే అది నప్పుతుంది. ఎక్కువ తీయబోతే మచ్చ సాగి వెడల్పవుతుంది, రొమ్ము చదునవుతుంది. మచ్చ చిన్నదని ఒంటికి సరిపడని ఆపరేషన్ చేయించుకోను.

జూన్ 16

“ఇద్దరు పిల్లల తల్లివి, ఇప్పుడెందుకమ్మాయ్ కోయించుకోవడం?” అన్నారు అత్తయ్యగారు. గదిలోకి తీసుకెళ్ళి పుండు చూపించాను. మారు మాటాడకుండా కొబ్బరినూనె గిన్నె తెచ్చారు.

ఆగస్టు 21

ఆపరేషన్‌కి ముందు నన్ను నిలబెట్టి ఊదారంగు పెన్నుతో గీతలు గీశారు. పడుకుంటే రొమ్ము పక్కకి జారిపోతుంది, కొలత తప్పుతుందట. చనుమొనకి రక్తం అందించే కండ లోపలివైపు నుంచి వదిలేసి, కిందా బయటివైపూ ఉన్న బరువు తీస్తామన్నారు. తీసినదాన్ని పరీక్షకి పంపుతారట.

నవంబరు 24

నిలువు గీత కింది కొసన చర్మం ఇంకా ముడతలుగానే ఉంది. అది నెలల మీద సర్దుకుంటుందని ముందే చెప్పారు. గీత ఎర్రగా ఉంది. రంగు మారడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుందట. సిలికాన్ షీటు వర్షాకాలమంతా చెమటకి ఊడిపోయేది, చలి మొదలయ్యాక నిలుస్తోంది. పై వరస రాస్తున్నాను, మెడ లాగడం లేదు.

అమలాపురం నుంచి పిన్ని కూతురు ఫోన్ చేసి, మచ్చ ఎంతుందక్కా అని అడిగింది. ఫొటో పంపాను. పెళ్ళికావలసిన పిల్ల. చనుమొన కింది పాలగొట్టాలు ఎంతవరకు వదిలేస్తారో, రేపు బిడ్డకి పాలు పడతాయో లేదో ముందు అడగమన్నాను.