తీసేసిన జాగల ఏమొస్తది?

ఒక ముచ్చట అడుగుత, సిగ్గుపడకుంట చెప్పుండ్రి. ఎగ్జిబిషన్‌ల 12డి డబ్బా ఎక్కిండ్రా ఎప్పుడన్న? నిజామాబాద్‌ల ఎగ్జిబిషన్ పడ్డదంటే ఒక మూలకు ఉంటది సూడుండ్రి, రేకుల డబ్బా, పైన రాక్షసి బొమ్మ, బయట మైకు పట్టుకొని గొంతు చించుకునే పిలగాడు. లోపల ఎనిమిదో పదో కుర్చీలు. బెల్టు పెట్టి, నల్లద్దాలు చేతికిచ్చి, తలుపేస్తరు. తెర మీద బొగ్గుగనిల బండి ఉరుకుతది. లోయ వచ్చిందంటే కుర్చీ ముంగటికి తోస్తది. వాన వచ్చిందంటే మొఖం మీద నీళ్లు సల్లుతది. కాళ్ల కాడ గాలి కొట్టి ఎలుకలు ఉరికినట్టు చేస్తది. ఐదు నిమిషాలల్ల బయటికి తోలుతరు. ఆ 12 ఎట్లయినయో మాత్రం ఎవ్వలు చెప్పరు. పొడుగు, వెడల్పు, లోతు కలిపి మూడు. నీళ్లొకటి, గాలొకటి, ఎలుకొకటి. ఎంత పెంచి లెక్కేసినా ఆరు దాటవు.

ఏ ఏడు పోయి సూసినా అదే గని, అదే బండి. అయినా "ఈసారి కొత్త సినిమా ఏసిండ్రట" అని ఎవలన్న అంటే చాలు, మళ్ల లైన్ల నిలబడతం. పిల్లలకే కాదు, ఈ పిచ్చి మనకు గూడ ఉన్నది, ఒప్పుకోం గానీ.

దీన్ని పిచ్చి అనకుండ పండుగ లెక్క చేసుకునేటోళ్లు సముద్రాల అవతల ఉన్నరు. మా తమ్ముని బిడ్డ ఆర్లాండోల ఉంటది, అండ్ల ఒకతి. ఆ ఊరే అసొంటిది, పార్కుల మీద బతికే ఊరు. వాళ్లింట్ల క్యాలెండర్ మీద ఉగాది కన్న ముందు రైడ్ల తారీకులు రాసి ఉంటయి. 2026 ఫిబ్రవరి మొదట్ల ఫోన్ చేసింది. గొంతు బరువుగ ఉన్నది.

"పెద్దబాపూ, డైనోసార్ మూసేసిండ్రు."

"మంచిదే గద బిడ్డా, బయట తిరిగితే మందికి కష్టం" అన్న.

నవ్వలేదు. అప్పుడు సమజైంది, ముచ్చట పెద్దదని.

డిస్నీ వాళ్ల యానిమల్ కింగ్‌డమ్ పార్కు 1998 ఏప్రిల్‌ల తెరిచిన్రు. అప్పటి నుంచి ఉన్న రైడ్ అది. జీపు అసొంటి బండి ఎక్కిస్తరు. కింద చక్రాలు బండిని బాట మీద తీస్కపోతుంటే, మనం కూసున్న పైభాగం తన మానాన తను వంగుతది, ఊగుతది, ఎగిరెగిరి పడతది. చీకట్ల నుంచి డైనోసార్లు మీదికొస్తయి. ఇప్పుడు ఆ జాగల ఇండియానా జోన్స్ కథతోని కొత్త రైడ్, 2027ల అని ప్రకటించిండ్రు. అసలు ముచ్చటేందంటే, కాలిఫోర్నియా డిస్నీలాండ్‌ల ఇండియానా జోన్స్ రైడ్ 1995 నుంచే ఉన్నది. ఆ బండి, ఈ డైనోసార్ బండి ఒక్క తీరువే. బాట వంకరలు గూడ దాదాపు ఒక్కటే. అంటే ఈమె ఏడ్చేదీ ఆ బండి కోసమే, ఎదురుచూసేదీ ఆ బండి కోసమే. మధ్యల పోయేది బొమ్మలు, వచ్చేది బొమ్మలు. ఈ మాట ఆమెతోని అనలేదు. మనుషులు అలిగితే ఫోన్లు బందైతయి.

ఈ సిమ్యులేటర్ అనేదే పెద్ద మాయ. నిజామాబాద్ స్టేషన్‌ల కూసొని చూడుండ్రి. మన బండి కదలదు, పక్క పట్టాల మీద దేవగిరి కదులుతది, మనమే పోతున్నమనుకొని సీటు పట్టుకుంటం. కన్ను చెప్పింది పెయ్యి నమ్ముతది. సిమ్యులేటర్ వాళ్లు ఇంకొక అడుగు ముందుకు పోయి చెవిని గూడ మోసం చేస్తరు. మన చెవి లోపల, మెత్తటి పొర మీద సున్నపు రేణువులు ఉంటయి. తల ఎన్కకు వాలినా అవి జరుగుతయి, బండి ఒక్కసారి ముందుకు ఉరికినా అవే జరుగుతయి. ఏది వాలుడో ఏది ఉరుకుడో వాటికి తెల్వదు, కన్ను చెప్పాలె. అందుకని మనల్ని కిటికీ లేని డబ్బాల పెట్టి, డబ్బాను కొంచెం ఎన్కకు వాలుస్తరు. తెర మీద మాత్రం సీదా ముందుకు దూసుకపోతున్నట్టు చూపిస్తరు. మన బరువే మన ఈపును కుర్చీకి అదుముతది, మనమేమో "అబ్బ, ఏం స్పీడు" అనుకుంటం. తర్వాత ఆ డబ్బాను చెవికి పసి దొరకనంత మెల్లగ మళ్ల సాపుగ తెస్తరు, ఎందుకంటే తర్వాతి దెబ్బకు జాగ కావాలె గద. తెర ఒకటి చెప్పి కుర్చీ ఇంకొకటి చెప్పిందనుకో, కడుపుల తిప్పుతది. మన 12డి డబ్బా దిగినంక పిల్లలు వాంతులు చేసుకునేది మిర్చి బజ్జి తిన్నందుకే కాదు.

పెద్ద సిమ్యులేటర్ డబ్బా కింద ఆరు కాళ్లు ఉంటయి, ఒక్కొక్క కాలు తనంతట తను పొడుగైతది, పొట్టిగైతది. ఆరూ కలిస్తే ఎటంటే అటు. ఈ ఆరుకాళ్ల బల్లను డన్లప్ కంపెనీల గాఫ్ అనే ఇంజినీరు 1950లల్ల మోటరు టైర్లు పరీక్షించెటందుకు చేసిండు. 1965ల స్టీవర్ట్ అనే ఇంకొకాయన విమానం నేర్పే సిమ్యులేటర్ కోసం ఇసొంటి ఉపాయమే కాయితం మీద పెట్టిండు, పేరు ఆయనకే వచ్చింది. అంతకన్న ముందు 1929ల అమెరికాల ఎడ్విన్ లింక్ అనేటాయన, వాళ్ల నాయినకు ఆర్గన్లు, పియానోలు చేసే ఫ్యాక్టరీ ఉంటే, ఆ ఆర్గన్ తిత్తులతోని ఊగే ఉత్తుత్తి విమానం చేసిండు. మొదలు కొన్నది ఎవలనుకున్నరు? తమాషా పార్కులోళ్లు! సైన్యం 1934 దాకా దిక్కు గూడ చూడలేదు. పైలట్లు మబ్బుల దారి తప్పి సచ్చిపోతుంటే అప్పుడు యాదికొచ్చింది. అందుకే ఎవలన్న ఈ రైడ్లను పిల్లల ఆటలని తీసిపారేస్తే నాకు ఒప్పదు. పెద్దోళ్ల చదువు పుట్టింది ఆ ఆటలకెల్లే.

ఇగ అక్కడోళ్ల ఎదురుచూపుల ముచ్చట. 1987 జనవరి 9న డిస్నీలాండ్‌ల స్టార్ వార్స్ సినిమాల మీద స్టార్ టూర్స్ అనే రైడ్ తెరిచిన్రు. నలభై మంది పట్టే డబ్బా, విమానపు సిమ్యులేటర్లు చేసే బ్రిటన్ కంపెనీది. జనం తట్టుకోలేక పార్కును 60 గంటలు మూయకుండ నడిపిన్రు. దాంట్ల రెక్స్ అని ఒక మరమనిషి డ్రైవరు. ప్రతిసారి వానికి అదే మొదటి ట్రిప్పు, ప్రతిసారి దారి తప్పుతడు. ఇరవై మూడేండ్లు ఒక్కటే తప్పు చేసిండు, జనం ఇరవై మూడేండ్లు వాన్నే మెచ్చిండ్రు. 2010 జులైల దాన్ని ఆపి, 2011 జూన్‌ల కొత్త సినిమా ఏసిండ్రు, త్రీడీది. ఏ ట్రిప్పుల ఏ ముక్క వస్తదో ముందుగాల తెల్వదు, తెరిచినప్పుడే కలిపితే 54 రకాలు ఉండె. ఎక్కినోళ్లే మళ్ల ఎక్కాలె, అదీ లెక్క. వ్యాపారం ఎట్ల చేయాలెనో వాళ్ల దగ్గర నేర్చుకోవాలె, మన గని బండి డబ్బావాడు ఒక్క సినిమా మారుస్తనే సగం ఊరు మళ్లొస్తది.

మరి రెక్స్ ఏమయిండు? లైన్ల నిలబడే కాడ, సామాన్లల్ల పడేసి, చెడిపోయిన సరుకు అని చీటీ తలిగిచ్చిండ్రు. పాతోళ్లు ఆ చీటీ చూసి కండ్లు తుడుచుకునేటోళ్లంట. 2019ల అదే పార్కుల కొత్త స్టార్ వార్స్ బస్తీ కట్టినప్పుడు, అక్కడి కల్లు దుకాణం అసొంటి దాంట్ల రెక్స్‌ను పాటలు ఏసేటోన్ని చేసిండ్రు. డ్రైవరు నౌకరి పోయి డీజే నౌకరి దొరికింది.

యూనివర్సల్ వాళ్లది ఇంకొక కథ. 1991ల ఆర్లాండోల బ్యాక్ టు ది ఫ్యూచర్ రైడ్ పెట్టిండ్రు. ఎనిమిది మంది పట్టే డెలోరియన్ కార్లు, నెత్తి మీది నుంచి చుట్టుకునే గోపురం అసొంటి తెర. 2007 మార్చిల మూసిండ్రు, 2008 మేల అదే గోపురాల కింద, అవే బండ్లకు కొత్త తొడుగు తొడిగి సింప్సన్స్ రైడ్ తెరిచిన్రు. కొత్త రైడ్‌కు లైన్ల ఉన్నప్పుడు చూపించే చిన్న కార్టూన్‌ల పాత రైడ్ శాస్త్రవేత్త డాక్ బ్రౌన్ వస్తడు. ఆయన కట్టిన సంస్థ ఎట్ల మునిగిందో, ఆ జాగ క్రస్టీ అనే జోకరు చేతికి ఎట్ల పోయిందో అండ్ల చెప్తరు. గొంతు గూడ అసలు నటుడు క్రిస్టోఫర్ లాయిడ్‌దే. పాతోన్ని పిలిచి, దండేసి, వాని ముంగటనే వాని ఇల్లు ఇంకొకనికి రాసిచ్చుడు ఇది. నాకైతే బాగా నచ్చింది.

ఒకటి మాత్రం చెప్త. రైడ్ నడిచినన్ని దినాలు ఇదే జనం "తెర మసకబారింది, కుర్చీ నడుములు ఇరగ్గొడుతది" అని గునుస్తరు. మూస్తమని తారీకు చెప్పంగనే ఆఖరి రోజు లైను పార్కు గేటు దాక వస్తది. చచ్చిన బర్రె పలిగిన కడవెడు పాలిచ్చిందని మనోళ్లు ఊకెనే అనలేదు.

మన దిక్కు గూడ ఇసొంటియి ఉన్నయి. రామోజీ ఫిల్మ్ సిటీల స్పేస్ యాత్ర, రావిర్యాల కాడ 2016ల తెరిచిన వండర్‌లాల మిషన్ ఇంటర్‌స్టెల్లార్. ఈ రెండోది మనిషిని కుర్చీతో సహా పైకి ఎత్తి పెద్ద తెర ముంగట వేలాడదీస్తది. మా ఎడపల్లి, బోధన్ బడి పిల్లలకు ఒకప్పుడు పిక్నిక్ అంటే అలీసాగర్, జానకంపేట అశోక్‌సాగర్. పడవ ఎక్కితే అదే రైడ్. ఇప్పుడు తెల్లారకముందే బస్సులు పట్నం దారి పడుతున్నయి. హైదరాబాద్‌ల సినిమా పిచ్చోళ్లైతే ప్రసాద్స్ ఐమాక్స్ ముచ్చట ఎత్తకుండ ఉండలేరు. 2003ల తెరిచింది, తర్వాత ఐమాక్స్ పోయింది, ఆ హాల్లనే ఇప్పుడు పీసీఎక్స్ అని ఇంకొక పెద్ద తెర. సౌండ్ బాగుందనేటోళ్లు ఒక దిక్కు, పాత తెరకు సాటి రాదనేటోళ్లు ఇంకొక దిక్కు.

"2027 దాకా ఎట్ల ఆగాలె పెద్దబాపూ" అన్నది మా బిడ్డ మొన్న. నాకు మన శక్కర్ ఫ్యాక్టరీ ముచ్చట నోటిదాక వచ్చింది. బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 1937ల పెట్టింది, ఆసియాల్నే పెద్దదని పేరు. 2002ల ప్రైవేటుకు పోయింది, 2015 డిసెంబర్‌ల మూతపడ్డది. అప్పటి నుంచి ప్రతి ఎలక్షన్ల "తెరుస్తం" అంటనే ఉన్నరు, కమిటీలు ఏస్తనే ఉన్నరు. సీజన్ల మా రోడ్డు మీద చెరుకు బండ్లు ఒకదాని ఎన్క ఒకటి పోతుంటే పిలగాండ్లు ఎనకాల ఉరికి గడలు గుంజుకునేటోళ్లు. ఇప్పుడా చేన్లల్ల వరి. ఆర్లాండోల మూసే తారీకు చెప్పే నోటితోనే తెరిచే ఏడు గూడ చెప్తరు, అందుకే వాళ్లు దినాలు లెక్కపెట్టుకుంటరు. ఇక్కడ ఎవలైనా లెక్కపెడదామంటే ఎక్కడి దాకా పెట్టాలె? ఈ రెంటినీ ఒక్క తక్కెట్ల పెట్టుడు న్యాయం కాదు, ఒకటి బువ్వ, ఒకటి ఆట. అందుకే ఆ పిల్ల దగ్గర ఎత్తలే, మీ దగ్గర ఎత్తిన.

ఇంతకు ఆమె ఫోన్ చేసింది ఎందుకంటే, కొత్త రైడ్ తెరిచేటాలకు నన్ను రమ్మని. మొదటి దినమే ఎక్కాలెనంట, లైను గంటలు గంటలు ఉంటదంట. "మెడ నొప్పి ఉన్నోళ్లను ఎక్కనిస్తరా బిడ్డా?" అని అడిగిన. నడుము, మెడ, గుండె జబ్బులున్నోళ్లు ఎక్కొద్దని బోర్డు పెడ్తరంట, గర్భిణులు గూడ వద్దంట. నాకు పాణం నిమ్మలమైంది. "గట్లయితే మీరంతా ఎక్కుండ్రి, నేను బయట బ్యాగులు, చెప్పులు, నీళ్ల సీసాలు పట్టుకొని కూసుంట" అన్న. లింబాద్రి గుట్ట జాతరల జెయింట్ వీల్ కాడ గూడ మా ఇంట్ల ఆ డ్యూటీ నాదే. "పెద్దబాపూ, అక్కడ లాకర్లు ఉంటయి" అన్నది. ఇగ చూడుండ్రి, ఉన్న ఒక్క నౌకరి గూడ పీకేసింది.