మౌత్‌పీస్‌ను మాత్రం తూకానికెయ్యకండి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దిక్కు పెళ్లి బరాత్‌ల్లోకి డీజే వచ్చాక బ్యాండు మేళం ట్రాంబోన్లు మూలపడ్డాయి. వాటిని పాత ఇత్తడి కింద అమ్మినా సరే, మౌత్‌పీస్ మాత్రం తీసి పెట్టుకోవాలంటాను. పెదవులు ఆనే అంచు, లోపలి గిన్నె, దాని అడుగున సన్న రంధ్రం: నాదం తీరు చాలావరకు అక్కడే తేలుతుంది. గిన్నె లోతుగా ఉంటే మోత గుండ్రంగా, నిండుగా వస్తుంది. లోతు తగ్గితే పదునెక్కుతుంది, పై స్వరాలు తేలిగ్గా పలుకుతాయి. పాతది కరిగిస్తే ఆ కొలత కూడా పోయినట్టే.

మీరట్‌లో కొత్తవి దొరుకుతాయిగా అంటారు. దొరుకుతాయి, బ్యాండు వాయిద్యాలు చేసే 1885 నాటి నాదిర్ అలీ కంపెనీ ఊరే అది. కానీ ఏళ్ల తరబడి ఒక అంచుకు అలవాటుపడ్డ పెదవికి కొత్త కొలత అంత తొందరగా కుదరదు. ఇత్తడి పనికి పేరున్న మన పెంబర్తిలో చేయిద్దామంటే, వాళ్లది ప్రధానంగా రేకు మీద నగిషీ, మౌత్‌పీస్‌ది లేతు పని.

పాతది ఊదితే ఇంకొకరి ఎంగిలి కదా అన్నది మాత్రం న్యాయమైన మాటే. సబ్బునీళ్లతో, బ్రష్‌తో కడగాలి. వెండి పూత పోయి ఇత్తడి బయటపడితే మళ్లీ పూత వేయించాకే ఊదాలి, కొన్ని ఇత్తళ్లలో సీసం ఉంటుంది.

మీ ఊరి మేళం వాళ్ల దగ్గర పాతవి ఉన్నాయా? మౌత్‌పీస్ కాడ మీది అక్షరాలు కనపడేలా ఫొటో పెట్టండి.