మాకు సర్టిఫికెట్ వద్దు

బస్తీలో చావు జరిగితే మా కుర్రాళ్ళకు ఎవరూ కబురు పెట్టక్కర్లేదు. మసీదు మైకులో మాట వినపడగానే పంక్చర్ షాపువాడు షట్టర్ దించుతాడు. ఆటోవాడు గిరాకీ వదులుకుంటాడు. ఒకడు కఫన్ గుడ్డ తెస్తాడు, ఒకడు గుసుల్‌కి నీళ్ళు కాస్తాడు. గోరీ తవ్వే మనుషులు వేరే ఉన్నా, జనాజా మోసేది మాత్రం అందరం. నాలుగడుగులకోసారి భుజం మారుతుంది. మా పెద్దలు దీన్ని ఫర్జే కిఫాయా అంటారు. కొందరు చేస్తే అందరి బాధ్యతా తీరుతుంది. ఎవరూ చెయ్యకపోతే పాపం అందరిదీ. మేం దీన్ని సమాజసేవ అనుకోలేదు. మా ఇంట్లో పనే అనుకున్నాం.

2020 మార్చిలో నిజాముద్దీన్ మర్కజ్ పేరు టీవీల్లో మోగింది. రోగానికి కూడా టోపీ పెట్టారు. మా కూరగాయల బండ్లను వీధిలోకి రానియ్యలేదు. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్ళను బలిపశువుల్ని చేసినట్టుందని అంది. టీవీలు ఆ మాటను అంత గట్టిగా చదవలేదు.

2021లో కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు రంజాన్ నెల. అయినవాళ్ళే శవాన్ని ముట్టడానికి జంకిన రోజులు. మేం రోజాతోనే ప్లాస్టిక్ సూట్లు తొడుక్కున్నాం. మావాళ్ళను కబరస్తాన్‌కు, హిందువులను శ్మశానానికి మోశాం. కొడుకు దూరంగా నిలబడి ఏం చెయ్యాలో చెబితే అలాగే చేశాం.

దండం పెట్టినవాళ్ళున్నారు. "మీరు అందరు ముస్లింలలాంటివాళ్ళు కాదు" అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ మెప్పే గుచ్చుకుంది. ఆ అందరు ముస్లింలూ ఎవరు? మా అమ్మా? మా నాన్నా? మాతోపాటు పాడె పట్టినవాడు ఏడాది తిరక్కుండానే అద్దె ఇంటికోసం తిరిగాడు. పేరు చెప్పగానే "వేరేవాళ్ళకు మాటిచ్చేశాం" అన్నారు.

శవాలు మోస్తేనే మేం ఈ ఊరివాళ్ళమా? మీ కుర్రాడు రక్తమిస్తే మంచితనం, మా కుర్రాడిస్తే దేశభక్తికి రుజువు ఎందుకవుతోంది?

మేం రేపూ వస్తాం. చావొచ్చినా వరదొచ్చినా వస్తాం. కానీ మంచి ముస్లిం, చెడ్డ ముస్లిం అని మమ్మల్ని రెండు కుప్పలు పొయ్యకండి. ఎవరికీ ఏ సాయమూ చెయ్యకుండా ఇంట్లో కూర్చున్న మావాడికి కూడా ఈ ఊళ్ళో అద్దె ఇల్లు దొరకాలి.